ఇంజను వెనక వైపు

"తుప్పు పట్టిన ఇంజనుతో నేను కదలను."

మామగారు బానెట్ ధడాలున మూసి, కర్ర టకటకలాడించుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు.

కోడలు షెడ్డు గుమ్మంలో కూలబడింది.

ఆయన కడుపులో గడ్డ. ఆయన పేచీల వల్లే ఆపరేషన్ ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. రేపు పొద్దున్న తీసుకురాకపోతే ఇక తన చేతుల్లో ఏమీ లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

అంబులెన్సు వస్తే గేటు దగ్గర్నుంచే పంపేశారు. టాక్సీ అంటే కర్ర ఎత్తారు. వెళ్తే తన తండ్రి కొన్న ఈ పాత కారులోనే వెళ్తారట. అదీ ఇంజనుకి కొత్తగా రంగు వేస్తేనే.

"ఇంజను కిందికి దింపి వెయ్యాలంటే వారం పడుతుంది," అన్నాడు కొడుకు.

"దింపకుండానే వెయ్యండి."

"గోడకి సున్నం వెయ్యడం అనుకున్నావా?"

"మరి మీ నాన్నని భుజాన వేసుకుని తీసుకెళ్తారా?"

కొడుకు లేచాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

బ్యాటరీ తీసి పక్కన పెట్టారు. ఏళ్ళనాటి జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. ఇనప బ్రష్షుతో తుప్పు గోకారు. రంగు అంటకుండా వైర్లకి వంటింట్లోని సిల్వర్ కాగితం చుట్టారు. కార్బురేటర్‌కి పాల కవరు తొడిగి టేపు వేశారు.

"ఎవరైనా వచ్చారా?" గదిలోంచి మామగారి కేక.

"మెకానిక్ రానన్నాడు మామయ్యగారూ. మేమే వేస్తున్నాం!"

 కాసేపటికి గదిలోంచి గురక వినిపించింది. మందు పనిచేసినట్టుంది.

మధ్యాహ్నానికి ఇంజను ముందు వైపు, పక్కలు ముదురాకుపచ్చగా నిగనిగలాడాయి. వెనక మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడ ఇంజనుకీ రేకు గోడకీ మధ్య సందులో కొడుకు చెయ్యి మణికట్టు దాటి దూరలేదు. కోడలు గాజులు తీసి ప్రయత్నించింది. మోచేతి దగ్గర ఇరుక్కుపోయింది.

"వదిలేద్దాం. వెనకేం ఉందో ఎవరు చూడొచ్చారు?"

"ఎవరా? గడ్డం గీసుకునే అద్దం పెట్టి మరీ చూస్తారు మీ నాన్న!" ఏడుపొచ్చేసింది కోడలికి. "ఈ పూటతో అంతా అయిపోతుందండీ. ఆయన రారు. మనం ఆయన్ని చూస్తూ చంపుకుంటాం."

"నా చెయ్యి దూరుతుందేమో చూడనా?"

ఇద్దరూ తిరిగి చూశారు. గేటు దగ్గర ఒకావిడ. నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డసంచి, పుల్లల్లాంటి చేతులు.

"ఎవరండీ మీరు?"

"ఇటు వచ్చాను. రంగు వాసనేసి ఆగాను."

కోడలు గుమ్మంలో ఉన్న తన ఫోన్ తీసి నడుంలో దోపుకుంది.

"వద్దులెండి, మీకెందుకు శ్రమ," అన్నాడు కొడుకు. అని, ఆ సందు వైపు మళ్ళీ చూశాడు. "సరే. కానీ జాగ్రత్త."

ఆవిడ ఒక పాత గరిటె అడిగి, కాడ వంచి, దానికి బ్రష్షు కట్టుకుంది. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. కారు రేకుకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, తడుముకుంటూ పూసింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చినా అబ్బా అనలేదు.

పని అయ్యాక ఉత్త చెయ్యి మళ్ళీ సందులోకి పోనిచ్చింది.

"అయ్యో, ఇంకా పచ్చి! వేలు పెట్టకండి!" అరిచాడు కొడుకు.

ఆవిడ ఫక్కున నవ్వింది. "ఆరిందేమోనని చూశాను బాబూ. జుట్టు నెరిసింది గానీ ఈ పాడు అలవాటు పోలేదు."

కోడలు మంచినీళ్ళూ, దూదీ తెచ్చింది. ఆవిడ గది కిటికీ వైపు చూస్తోంది.

"లోపల పెద్దాయన ఉన్నారా?"

"నిద్రపోతున్నారు. రేపు ఆపరేషన్."

"ఎవరి గురించైనా అడుగుతున్నారా అమ్మాయ్?"

కోడలి విసుగంతా నాలుక మీదికొచ్చింది. "ఇంజను గురించి తప్ప ఒక మనిషి గురించి అడగ్గా నేనైతే వినలేదండీ."

ఆవిడ కాసేపు బొటనవేలి రంగు తుడుచుకుంటూ నిలబడింది. అది పోలేదు.

"బస్సు వేళయింది," అని సంచి భుజానికేసుకుని వెళ్ళిపోయింది.

"దేవుడు పంపినట్టు వచ్చింది," అన్నాడు కొడుకు. "పేరైనా అడగలేదు మనం."

సాయంత్రం మామగారు లేచారు.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు మామయ్యగారూ. పని మాత్రం అయిపోయింది!" ఎవరో కొత్తావిడ చెయ్యి వేసిందంటే మళ్ళీ పేచీ పెడతారని కోడలి భయం.

పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బానెట్ ఎత్తారు. ముందు వైపు చూడనైనా లేదు. టార్చి వేసి, అద్దం వెనక్కి పోనిచ్చారు.

అద్దం ఒకచోట ఆగిపోయింది.

"ఈ వేలిముద్ర ఎవరిది?"

కొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవరో ఒకావిడ సాయం చేసింది నాన్నా. ఆరిందేమోనని వేలు పెట్టింది. నేను కేకలేశాను."

"నేనూ కేకలేసేవాణ్ణి," అన్నారాయన. "ఏదీ?"

"నిన్ననే వెళ్ళిపోయింది. మీరు ఎవరి గురించైనా అడుగుతున్నారా అంది."

"ఏం చెప్పారు?"

కోడలు తల వంచుకుని, తనన్న మాట చెప్పింది.

ఆయన అద్దం జేబులో పెట్టుకున్నారు. బానెట్ చప్పుడు కాకుండా మూశారు. తలుపు తనే తీసుకుని, ఎక్కి కూర్చున్నారు.

"తుప్పుదేముందిరా, తుప్పుతోనే వెళ్ళేవాణ్ణి. నువ్వు పుట్టకముందు తగువు పడి దాని మొహం చూడనన్నవాణ్ణి కదా, పక్కింటి దర్జీ చేత ఆపరేషనని కబురు పంపగలిగాను గానీ రమ్మనడానికి నోరు రాక, నా చెల్లెలు తనంతట తనే వస్తుందేమోనని పేచీలతో, ఈ రంగు వంకతో రోజులు నెట్టాను."