బాల్కనీ ఉన్న ఇల్లు

ఆమె తన పడకగది తలుపును తనే బిడియంగా తట్టింది.

"నర్సమ్మా, ఓ పది నిమిషాలు బాల్కనీలో కూర్చుంటాం. ఏమీ అనుకోవు కదా?"

"అయ్యో, రండక్కా!" అంటూ అద్దెకుంటున్న నర్సు కుర్చీ కూడా వేసింది.

ఇరవయ్యేళ్ల ఇంటి అప్పును ఎనిమిదేళ్లలో తీర్చేయాలని మొగుడూ పెళ్లాలు పంతం పట్టారు. హాలు టైలరుకూ, పడకగది నర్సుకూ ఇచ్చి, తాము వంటింట్లో పక్క పరుచుకుంటున్నారు. ఈ ఇల్లు కొన్నదే బాల్కనీ చూసి. అందులోకి రావడం మాత్రం ఈ రెండేళ్లలో ఇదే మొదటిసారి.

"గాలి ఎంత హాయిగా ఉందండీ!"

"ఫ్యాను ఖర్చు లేదు," అన్నాడు భర్త.

"ఇంకా ఎన్నాళ్లక్కా ఇలా?" అడిగింది నర్సు.

"ఆరేళ్లే. కళ్లు మూసుకుంటే ఇట్టే గడిచిపోతాయి. తెరిస్తేనే, ఎదురుగా గ్యాసు బండ."

భర్త గొంతు సవరించుకున్నాడు. "నువ్వూ ఓ ఇల్లు కొనుక్కోరాదూ? ఎన్నాళ్లని మాకు అద్దె కడతావు?"

"కొందామనే అనుకున్నా అన్నయ్యా. బ్యాంకు కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నా. మీ ఇంట్లో దిగాక మానేశా."

"అదేం?"

"అద్దెకైతే ఈ బాల్కనీ నాది. కొంటే వంటిల్లేగా!"

ఆమె ఆశగా అడిగింది. "పోనీ, నువ్వు వంటింట్లోకి మారతావా? సగం అద్దె ఇద్దువుగాని."

నర్సు పకపకా నవ్వింది. "ఊరికే ఇచ్చినా అక్కడెవరు పడుకుంటారక్కా!"

"పద, పది నిమిషాలయింది," అన్నాడు భర్త.

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"మీరెళ్లండి. నేను నర్సమ్మకు ఇంకో ఇల్లు వెతికిపెట్టి వస్తా."