దుష్ప్రవర్తన అంటే

బొల్లారంలోని మందుల ఫ్యాక్టరీ ఆఫీసులోకి నర్సింహమ్మ కోపంతో ఊగిపోతూ వచ్చింది. చేతిలో భర్తకు వచ్చిన నోటీసు ఉంది.

“దుష్ప్రవర్తన అని రాసిన్రు. మా ఆయన ఎవల కొంగు గుంజిండు మేడం? గా ఆమె పేరు చెప్పుండ్రి.”

“అయ్యో, అలాంటిదేం లేదమ్మా!” ఆఫీసర్ నాగేశ్వరి కంగారుపడింది. “మొన్న ఫారిన్ వాళ్ళు ఫ్యాక్టరీ చూడడానికి వస్తే, మీ ఆయన వాళ్ళ ముందే కంపంటూ ముక్కు మూసుకున్నాడు. కంపెనీ పరువు తీస్తే మా రూల్స్‌లో దుష్ప్రవర్తన అంటారు.”

నర్సింహమ్మ కుర్చీలో కూలబడింది. “గింతేనా! పానం నిమ్మలమైంది.”

గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించింది.

“నేనొచ్చినకాడికెల్లి సూస్తున్న, మీరు ముక్కు మీది కొంగు తీస్తలేరు. జెర పైలం మేడం, మీకు గూడ గిదే కాగితం ఇస్తరు.”