గోడమీది నెంబర్లు

మన పెద్దారవీడులో ఎలీషబా పెద్దమ్మ ఇల్లు కాజేసినవాడు సబ్‌కలెక్టరు దొర. కూలేలా ఉంది, విప్పి మళ్లీ నిలబెడతానని ఆమెచేత వేలిముద్ర వేయించాడు. అన్నట్టే నిలబెట్టాడు. ఆమె స్థలంలో కాదు, మార్కాపురం మైదానంలో, పాత ఇండ్ల ప్రదర్శనలో! ఆర్నెల్లుగా పెద్దమ్మ చర్చి వరండాలో పడుకుంటోంది.

నిన్న ఆమెను అక్కడికి తీసుకుపోయాను. గేటు కాసే బుడే సాహెబ్ అడ్డం వచ్చాడు.

"టిక్కెట్టేదీ, పెద్దమ్మా?"

"నా ఇంటికి నాకు టిక్కెట్టేంది నాయనా?"

అతను తలదించుకుని వదిలాడు.

లోపల తిరగలి దగ్గర, కోక కట్టిన ముసలమ్మ మట్టిబొమ్మను కూర్చోబెట్టారు. పెద్దమ్మ దాని పక్కనే కూలబడి తిరగలి పట్టుకుంది.

చూడవచ్చిన ప్లీడరుగారి భార్య మెచ్చుకుంది. "ఈ రెండో బొమ్మే బాగా కుదిరిందండీ!"

పెద్దమ్మ గోడ తడుముతూ నన్నడిగింది. "రాయి రాయికీ నెంబరేసినారే. ఎంత చక్కని రాత! ఎవరిది నాయనా?"

నేను ఆమె చెయ్యి పట్టి లేవదీసి బయటికి నడిపించాను.

రేపు ఆదివారం. తెల్లవారుజాము ప్రార్థన కాగానే బయల్దేరి, సరిగ్గా పదకొండు గంటలకు, గడ్డపారలతో, ఎద్దుబండ్లతో అందరూ మైదానం గేటు దగ్గరికి రండి. ఏ రాయి తరువాత ఏ రాయో నేను చెబుతాను.

ఆ రాత నాదే.