మూడో షెడ్డు

భార్య పోయిన రోజునే కోళ్లాయనకు ముక్కు కూడా పోయింది.

నిజానికి అది ఏనాడో మొద్దుబారింది. ముప్పై ఏళ్లుగా గుడ్లకోళ్ల మధ్యే బతుకు. రెట్టలోంచి లేచే అమోనియా ఘాటు ఆయనకు తెలిసేది కాదు. పొద్దున్నే ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఇవాళ కళ్లు మండుతున్నాయండీ" అంటేనే తెలిసేది.

ఘాటు తగ్గేందుకు మేతలో మందు పొడి కలపడం మొదలుపెట్టిందీ ఆమే. ముందు ఒకటో షెడ్డులో. అంతలోనే ఆస్పత్రి పాలైంది.

ఆమె పోయి నెల తిరక్కుండా, సైకిలు నడిపించుకుంటూ ఎవరో ఒకాయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చాడు. దగ్గాడు.

"ఒకటోది పర్లేదండీ. రెండో షెడ్డులో ఘాటెక్కువగా ఉంది."

"ఏం, ఫిర్యాదు పెడతావా?"

"లేదండీ, ఊరికే చెప్పాను."

"ఊరికే చెప్పడానికి నీకేం పనీపాటా లేదా?"

"లేదండీ."

కసిరాడే గాని, ఆ సాయంత్రమే కోళ్లాయన రెండో షెడ్డు మేతలో పొడి కలిపాడు.

సైకిలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. పీల్చడం, దగ్గడం, చెప్పడం.

పదిహేను రోజులకు రెండో షెడ్డు కోళ్లు కళ్లు తేటగా తెరిచాయి.

"ఇవాళ హాయిగా ఉందండీ."

"నీ సర్టిఫికెట్ ఎవడడిగాడయ్యా!"

అతను నవ్వబోయి దగ్గాడు. "మూడోది రేపు చూస్తాను."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు.

కోళ్లాయన నాలుగు రోజులు దారి చూశాడు. ఐదో రోజు మేత బస్తాలు దించుతున్న లారీ డ్రైవరును అడిగాడు.

"ఆ దగ్గాయనా? పోయాడు బాబాయ్. ఊపిరితిత్తుల జబ్బు. ఘాటు జోలికే పోవద్దని డాక్టరు మొత్తుకున్నా వినలేదు."

"ఎవరి తాలూకు?"

"ఎవరూ లేరు. అదేంటి, నీకు తెలీదా? నువ్వు కోళ్లను వదిలి రాలేవని పిన్నిని ఆస్పత్రికి నేనేగా తీసుకెళ్లేవాణ్ణి. ఆవిరి పట్టే గదిలో పక్క కుర్చీ ఆయనది. 'మా ఆయనకు వాసన తెలీదన్నయ్యా, నేను పోతే ఎవరు చెబుతారు' అంది పిన్ని. 'నేను చెబుతాలేమ్మా' అన్నాడు."

లారీ వెళ్లిపోయింది.

అతన్ని ఒక్కసారైనా కూర్చోమనలేదు. పేరైనా అడగలేదు.

కోళ్లాయన మూడో షెడ్డు గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు.

ఏమీ తెలియలేదు.

మూడో షెడ్డు ఇంకా ఎవరూ చూడలేదు.