వినాయకుణ్ణి పెట్టినారా?

"తాతా, వినాయకుణ్ణి పెట్టినారా?" అంటూ పిల్లలు లోపలికి తోసుకొచ్చారు. పొద్దుటినుంచి గుంపు మీద గుంపు. చవితి రోజు హిందూపురం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అక్షింతలు వేస్తారు, గుగ్గిళ్లు పెట్టించుకుంటారు.

నేను తలా ఒక చెంచా పెట్టాను.

"చీమలకు పెడ్తాండావా తాతా?" అందొక పిల్ల.

"వదినైతే దోసిలి నిండా పెడ్తాండె అన్నా," అంది పండక్కొచ్చిన చెల్లెలు గంగరత్న.

"పెట్టే ఆమె పోయింది. ఈ ఇంట్లో ఇంతే."

ఆ పిల్ల వినాయకుణ్ణి దాటిపోయి, నా భార్య ఫొటో మీద అక్షింతలు చల్లింది.

"ఏయ్! వినాయకునికి వేయల్ల," కసిరాను.

"వినాయకుడు అన్ని ఇండ్లల్లో ఉండాడు తాతా. అవ్వ ఈడే కదా ఉండాది!"

గంగరత్న గుగ్గిళ్ల గిన్నె చేతికి తీసుకుంది.

"ఇంకా పెట్టల్లానా అన్నా?"

"నన్నడుగుతావేం? మీ వదిననడుగు."