పైకడ్డీ

పైకడ్డీ జిడ్డుగా ఉంది. వెయ్యి చేతుల చెమట. ఛీ, ముట్టుకోవాలంటేనే వాంతికొస్తుంది.

పట్టుకోకపోతే ఢిల్లీ బస్సులో నిలబడలేం.

ధౌలా కువాన్‌లో ఎక్కేసరికి లలితకుమారి కనిపించింది. మా సెక్షన్ త్యాగరాజు కూతురు. కాలేజీకి వెళ్తోంది. నా చేతుల మీద పెరిగిన పిల్ల.

నన్ను చూసి లేచింది. "బైఠియే అంకుల్."

"నేనేమన్నా ముసలాణ్ణా? నువ్వే కూర్చో."

మేమిలా మర్యాదలు పోతూంటే ఎవరో లావుపాటావిడ ఆ సీట్లో చతికిలబడింది. ఇద్దరం నిలబడ్డాం.

ముసలాణ్ణే. యాభై ఏడు నిండాయి. ఈమధ్య చెయ్యి పైకెత్తితే చాలు, ఒళ్ళు ముందుకు తూలుతోంది.

డిస్పెన్సరీ డాక్టరు చెప్పాడు. "చెయ్యి లేచేలోపే నడుమూ కాళ్ళూ బిగుసుకోవాలి. వయసు మీదపడితే అవి ఆలస్యం చేస్తాయి. కర్ర పట్టుకోండి."

కర్రట! ఆఫీసులో అందరి ముందూనా? ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

కడ్డీ కోసం చెయ్యెత్తాను. తూలి లలిత వీపు మీద పడ్డాను.

"సారీ అమ్మా."

"కోయీ బాత్ నహీ." నవ్వింది.

బస్సు మలుపు తిరిగింది. పట్టు జారింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పడ్డాను. ఈసారి రెండో చెయ్యి ఆమె నడుముకు తగిలింది.

చురుక్కుమంది.

మణికట్టు మీద రక్తపు చుక్క. ఆమె వేళ్ళ మధ్య పిన్నీసు. ఈ ఊళ్ళో బస్సెక్కే ఆడపిల్లల దగ్గర ఉండేదే.

ఎప్పుడూ హిందీలో మాట్లాడే పిల్ల, చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో అంది.

"మీరు కూడానా, అంకుల్?"

"అయ్యో, అది కాదమ్మా. చెయ్యెత్తితే నాకు..."

వినలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళ నాన్నతో చెబుతుంది. ఇరవై రెండేళ్ళ స్నేహం మాది. చెయ్యెత్తితే పడిపోతానని ఇప్పుడు చెబితే ఎవడు నమ్ముతాడు? నా ఒళ్ళంటే నాకే రోత పుట్టింది.

పక్కనున్నవాడు ఇదంతా చూశాడు. బెల్‌బాటం ప్యాంటు, నూనె కారే జుట్టు. నాకు కన్నుగీటాడు.

"ఇధర్ ఆ జాయియే, అంకుల్."

జరిగి చోటిచ్చాడు. అక్కడ ముందు ఇంకో అమ్మాయి నిలబడి ఉంది.

వెధవ! నన్నూ వాడి జట్టులో కలిపేసుకున్నాడు.

వాడి చెంప పగలగొడదామని చెయ్యెత్తాను.

తూలి వాడి మీదే పడ్డాను. వాడు నా భుజం చుట్టూ చెయ్యేసి పట్టుకుని, పకపకా నవ్వాడు.

ముందు తలుపు దగ్గర్నుంచి లలిత ఇటే చూస్తోంది.