ఒక్కడి కోసం ట్యాంకరు

ట్యాంకరు వచ్చింది. రెండు నెలలు బతిమాలితే వచ్చింది.

శింగనమల దాటాక ఉన్న ఆ పల్లెలో బోరు వేసిన ప్రతివాడూ బోరుమన్నాడు. మునగచెట్లకు కొదవలేదు, మునగడానికే నీళ్లు లేవు. చర్చి వెనక సిమెంటు తొట్టి మాత్రం ఛాతీ లోతున ఉంది. బాప్తిస్మమంటే తల తడిపితే చాలదు, నిండా మునగాలంటారు అక్కడి విశ్వాసులు.

డ్రైవరు ఆదెప్ప పైపు తొట్టిలోకి వదిలాడు.

"ఎంతమందికి పాస్టరయ్యా?"

"ఒక్కనికే."

"ఒక్కనికి ట్యాంకరా? ఎవరప్పా అంత గొప్పోడు? మొన్న ఈడికి వచ్చిపోయిన ధర్మవరం మగ్గాలాయనేనా?"

"పేరెందుకులేప్పా. నీళ్లున్నప్పుడు ధైర్యం లేకపాయ. ధైర్యమొచ్చినాక నీళ్లు లేకపాయ."

"ఇంట్లోవాళ్లకు భయపడినాడా?"

"ఇంట్లో ఎవరుండారు? సంఘానికి భయపడినాడు."

"పది గంటల బస్సుకు గుత్తి నుంచి ముసలి పాస్టరు పెద్దయ్యగారు గూడా వస్తాండారంట. మీరు చాలరా?"

"నా ఒక్కని వల్ల అయ్యే పని కాదప్పా."

"అంత లావుంటాడా?" ఆదెప్ప నవ్వుకుంటూ బండెక్కాడు.

శశికుమార్ గారిని ఎవరూ పాస్టరుగా నియమించలేదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరి బిడ్డకో జ్వరం తగ్గాలని ప్రార్థించారు. తగ్గింది. జనం పాస్టరయ్యా అన్నారు. చర్చికి ఇప్పటికీ ప్లాస్టరు లేదు గానీ పాస్టరున్నారు. ఆత్మను అడగనిదే అడుగు వేయరని ఆయనకు పేరు. కళ్లు మూసుకుంటారు, లోపలి మాట వింటారు, అప్పుడు కదులుతారు.

తొమ్మిదయ్యేసరికి తొట్టి నిండింది. ఆ వెంటే బిందెలూ వచ్చాయి. ముందు ఆదిలక్ష్మి. చర్చి గడప ఏనాడూ తొక్కని మనిషి.

"పాస్టరయ్యా, కొళాయి రాక ఐదు దినాలాయ. పిల్లోళ్లకు తాగేదానికి గూడా చుక్క లేదు."

ఆమె వెనక ముప్పై మంది. అందరూ తొట్టి వైపే చూస్తున్నారు.

ఒక్క గంట ఆగితే ఆ మనిషి మునుగుతాడు. కానీ మనిషి మునిగిన నీళ్లు తాగడానికి పనికిరావు.

ఆ రోజు పాస్టరు గారు కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే ఏం వినబడుతుందో తెలుసు. అడగకుండానే వినబడింది.

ఇచ్చెయ్.

"ఈ ఒక్కసారికి వదిలెయ్ తండ్రీ" అని గొణిగారు. లోపల మళ్లీ అదే మాట.

"బిందెలు పెట్టండమ్మా" అన్నారు.

అరగంటలో తొట్టి అడుగు కనబడింది. అప్పుడే ఫోను మోగింది. గుత్తి పెద్దయ్యగారు.

"దిగొద్దన్నా. అదే బస్సులో ఎనక్కి పోండి... అవును, పోయినసారి మాదిరే... మీకు ఎనభై దాటినాయి, తెలుసన్నా... మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేడు గదా ఆయప్ప... మళ్ల ఎప్పుడో, ఏమో."

అవతల ఫోను పెట్టేసినా ఈయన చెవి దగ్గరే ఉంచుకున్నారు.

చివరి బిందె ఆదిలక్ష్మిదే. చంకకెత్తుకుని నాలుగడుగులు పోయి ఆగింది.

"పాపం, ఎవరికోసమో తెప్పిస్తిరంట. నీళ్లు అయిపోయినాయని ఆయప్పకు చెప్పినారా?"

"తెలుసులేమ్మా ఆయప్పకు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

ఆమె వెళ్లిపోయాక, ఇరవై ఏళ్లుగా అందరికీ బాప్తిస్మమిస్తూ వచ్చిన శశికుమార్ గారు ఖాళీ తొట్టిలోకి దిగి, తనకు ఇంతవరకూ అందని ఆ నీళ్ల తడి మీద ఒక్కరే కూర్చున్నారు.